అద్దాల పోశమ్మ దిబ్బ

నేను మెడలో బైనాక్యులర్ వేసుకొని బయల్దేరిన ప్రతిసారీ మా పక్కింటి లక్ష్మక్క గేటు దగ్గర నిలబడి ఒకటే అడుగుతుంది, పిట్టలను చూసినందుకు ఎంతిస్తారని. ఎవరూ ఏమీ ఇవ్వరు, వ్యాన్ కిరాయి కూడా మేమే పెట్టుకుంటామని చెబితే ఆమెకు నా మీద జాలి. జనగామలో నాకు చిన్న మందుల దుకాణం ఉంది. దానికి షట్టర్ దించి పిట్టల వెంట పోయేదాన్ని బజారులో ఏమనుకుంటారో నాకు తెలుసు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారు. ఇన్నేళ్ళూ నవ్వి ఊరుకున్నాను. ఈసారి తిరిగొచ్చాక మాత్రం నవ్వు రాలేదు.

మా పిట్టల క్లబ్బుకు ఏడాదికి మూడు నడకలు. వానలు వెనకబట్టాక ఒకటి, చలిలో ఒకటి, ఎండలు ముదరకముందు ఒకటి. ఇది మూడోది, శివరాత్రి అయిన తర్వాతి వారం. దారిలో చెరువులూ అడవీ చూడాలని పేరుకే గానీ, అందరి మనసూ కాళేశ్వరం దగ్గర గోదావరి నడుమ ఉన్న ఒక ఇసుక దిబ్బ మీదే ఉంది. ఆ దిబ్బ మీద నదిపిట్టలు గుడ్లు పెట్టాయి. పుస్తకాల్లో దీనికి ఏవేవో పేర్లున్నాయి, మేం మాత్రం నదిపిట్ట అనే అంటాం. నెత్తిన నల్లటి టోపీ, పసుపుపచ్చ ముక్కు, కత్తెరలా చీలిన తోక. ఇది గూడు కట్టదు. ఉత్త ఇసుకలో చిన్న గుంట చేసి గుడ్లు పెట్టి, ఎండ తగలకుండా వాటిపైన నిలబడుతుంది. ఇసుకా గుడ్డూ ఒకటే రంగు. కిందటేడు ఇసుక ట్రాక్టర్లు వాటి మీదుగానే పోయాయి.

చక్రాల అచ్చుల్లో పగిలిన గుడ్ల పెంకులను చూసింది కవిత. రఘునాథపల్లి మండలంలో ఒక సర్కారు బడిలో టీచరు, మా క్లబ్బులో అందరికన్నా చిన్నది, అందరికన్నా మొండిది. అప్పట్నుంచి అడవి శాఖ వాళ్ళ వెంటపడింది. చివరికి ఒక అధికారి మెత్తబడి మాటిచ్చాడు. దిబ్బ మీద గుడ్లు పగిలి పిల్లలు లేచినట్టు ఒక్క ఫొటో చూపిస్తే, వచ్చే ఏటి నుంచి పిట్టలు పొదిగే నెలల్లో ట్రాక్టర్లు అటు దిగకుండా ఆపిస్తానన్నాడు. అందుకే శివరాత్రికి ముందు కవిత గుడ్ల చుట్టూ దూరంగా వెదురు కట్టెలు నాటి, వాటికి ఎర్ర గుడ్డలు కట్టి వచ్చింది. డ్రైవర్లు చూసి పక్కకు తిప్పుకుంటే ఈపాటికి పిల్లలు లేచి ఉండాలి. ఫొటో తెచ్చి ఆయన చేతిలో పెట్టడమే మా యాత్ర.

రఘునాథపల్లి: చెరువు గట్టు

కవితను ఎక్కించుకోవడానికి రఘునాథపల్లిలో ఆగి, ఎలాగూ ఆగాం కదా అని ఊరి బయటి చెరువు మీదికి పోయాం. హిమాలయాలు దాటి వచ్చే పెద్దబాతులు ఇంకా వెళ్ళిపోలేదు. తల మీద రెండు నల్ల గీతలతో, మా మామగారి నామాల్లా స్పష్టంగా ఉన్నాయి. వాటిని తనివితీరా చూద్దామనుకునేలోపు గట్టు అవతల ధన్‌మని పటాకా పేలింది. చెరువు చెరువంతా లేచిపోయింది.

పేల్చినాయన పేరు సాయిలు, చేపల సొసైటీ మనిషి. నీటికాకులు చేప పిల్లలను మింగుతున్నాయని పొద్దూ మాపూ పటాకాలు కాలుస్తాడట. దీపావళికి తన మనవలకు కొనని పటాకాలు నీటికాకులకు కొంటున్నానని చెప్పి తనే నవ్వాడు. మా క్లబ్బు అధ్యక్షుడు రామచంద్రం సార్ రిటైరైన లెక్చరర్. పాఠం చెప్పే అలవాటు ఇంకా రిటైర్ కాలేదు. పిట్టలుంటే చెరువు ఎందుకు బాగుంటుందో ఆయన మొదలుపెట్టగానే సాయిలు చేతిలో బీడీ ఆర్పి, నెమ్మదిగా అన్నాడు.

"సారూ, మీరు చూసి పోతరు. గవి తిని పోతయి. ఉండేటోళ్ళం మేము."

రామచంద్రం సార్ దానికి కూడా జవాబు చెప్పాడు గానీ సాయిలు వినలేదు. నాకైతే ఆయన మాటే సబబుగా తోచింది, ఆ సంగతి పైకి అనలేదు. వెళ్ళేటప్పుడు సాయిలు మాకు ఒక్కో మట్టగుడిసె చేప ముక్క వేయించి పెట్టాడు. మా జనగామ హోటళ్ళలో రంగు పూసి అమ్మే చేపకూ దీనికీ పోలికే లేదు. ఉప్పు, కారం, పసుపు, అంతే. కవిత మాత్రం తినకుండా ఫోను చూసుకుంటూ కూర్చుంది. కాళేశ్వరంలో ఎండ ఎంత ఉందో పొద్దున్నుంచి అదే చూస్తోంది.

మరిపెడ: మిరప కల్లం

మహబూబాబాద్ జిల్లాలోకి దిగాక రోడ్డు పక్కన భూమంతా ఎర్రగా ఉంటుంది. మిరపకాయలు ఆరబోసిన కల్లాలు. వ్యాన్ అద్దాలు మూసినా తుమ్ములు ఆగలేదు. మరిపెడ దగ్గరి తండాలో కవిత తల్లిగారింట్లో ఆ రాత్రికి ఉన్నాం. ఇంటి ముందు కల్లం, కల్లం అవతల మోదుగ చెట్లు. పూసిన కొమ్మల మీద గులాబీరంగు గోరింకల గుంపు. సాయంత్రం అవి అన్నీ ఒకేసారి లేచి వంకర తిరుగుతుంటే మిరపకాయలు ఏరే ఆడవాళ్ళు కూడా నడుము ఎత్తి చూశారు.

రామచంద్రం సార్ ఫొటో కోసం కల్లం మీద బోర్లా పడుకున్నాడు. లేచి అదే చేత్తో కళ్ళు నులుముకున్నాడు. తర్వాత ఆయన చూసింది పిట్టలను కాదు, చుక్కలను. కవిత అమ్మ చల్లటి పాలలో తడిపిన గుడ్డ కళ్ళ మీద వేసి, నవ్వు ఆపుకోవడానికి ఇంట్లోకి పోయింది. ఈ ఏడు మిరప ధర పడిపోయిందని, ఏరిన కూలీలకే చాలదని ఆమె మాకు చెప్పిందీ నవ్వుతూనే. మా ఇంట్లో అయితే అలాంటి మాట వచ్చిన రోజు ఎవరూ అన్నం తినరు. ఆమె మాకు జొన్న రొట్టెలు, పచ్చిమిర్చి తొక్కు, మేక మాంసం పెట్టి, చాలు అన్నా వినకుండా మళ్ళీ వేసింది.

ఎర్ర గుడ్డల సంగతి అక్కడే తెలిసింది. అవి ఆమె పాత పేటియావి, అంటే లంబాడా ఆడవాళ్ళు కట్టే కుచ్చుల లంగా. చింపేటప్పుడు దానికి కుట్టిన అద్దాలు తీసేద్దామందట అమ్మ. వద్దంది కవిత. ఎండకు అద్దం మెరిస్తే ట్రాక్టర్ మీద కూర్చున్నవాడికి దూరం నుంచే కనబడుతుందని ఆమె ఆలోచన. మంచి ఆలోచనే అన్నాం అందరం. బోర్డు పెట్టకపోవడం కూడా అందరి నిర్ణయమే. పిట్టల మనుషులకు ఒక పట్టింపు ఉంటుంది, గూడున్న చోటు ఎవరికీ చెప్పకూడదని. చెబితే కెమెరాలు పట్టుకొని వందమంది దిగుతారు. కాబట్టి ఎర్ర గుడ్డలే, అక్షరం ముక్క లేకుండా.

పొద్దున బయల్దేరేటప్పుడు ఆ తల్లి కూతురి జడ సవరించి, "పిల్లలు లేస్తె నాకు ఫోన్ల చూపెట్టు బిడ్డా" అంది. పురిటికి పోయిన మనిషిని అడిగినట్టు అడిగింది.

భూపాలపల్లి: అడవి బాట

భూపాలపల్లిలో అన్నిటిమీదా బొగ్గు దుమ్ము. ఇడ్లీ తెల్లగా వచ్చిందంటే అది వాళ్ళ గొప్పతనమే. కాకపోతే ఊరు దాటి అడవిలో పడ్డాక ఇప్పపూల వాసన ముక్కుకు తగిలి ప్రాణం లేచొచ్చింది. చెట్ల కింద పూలు ఏరుతున్న ఒక అవ్వ మాకు దోసెడు పూలు ఇచ్చి, పిట్టలు చూడ్డానికి ఇంత దూరం వచ్చామంటే నమ్మలేదు. మీ ఊర్లో పిట్టలు లేవా అని అడిగింది. ఉన్నాయన్నాను. అయితే మరి అన్నట్టు చూసి, పూలు ఏరుకోవడంలో పడింది.

ఇక్కడే నాకు మా క్లబ్బు మీద మొదటిసారి అసహ్యం వేసింది. చెట్టు తొర్రలో కంసాలిపిట్ట జంట గూడు చేసుకుంటోంది. బయటికి రావడం లేదని రామచంద్రం సార్ ఫోనులో దాని కూత పెట్టాడు. తన చోటులోకి ఇంకో మగది వచ్చిందనుకొని ఆ పిట్ట ఒళ్ళు ఉబ్బించుకొని, కొమ్మ మీద నుంచి కొమ్మ మీదికి ఎగురుతూ లేని శత్రువును వెతికింది. సార్ ఫొటో మీద ఫొటో తీశాడు. కవిత వెళ్ళి ఆయన చేతిలోని ఫోను ఆపేసింది.

"మనకు ఫొటో, దానికి పరేషాన్. గిట్ల జేస్తే మనకూ ట్రాక్టరోళ్ళకూ ఏం ఫరక్ ఉంది సార్?"

సార్ ముఖం మాడ్చుకున్నాడు. ఇంత ఖర్చు పెట్టుకొని ప్రతిసారీ ఆ దిబ్బ కోసమే ఇంత దూరం రావడం కుదరదని, ఇదే ఆఖరుసారి అని వ్యాన్ ఎక్కుతూ అందరికీ వినబడేలా అన్నాడు. కాసేపటికి కవిత అధికారికి ఫోను చేసింది. ఆయన పాపం మంచిగానే మాట్లాడాడు, రేపు ఫొటో పంపు, కాగితాలు నేను నడిపిస్తానన్నాడట. అది చెబుతూనే ఆ పిల్ల ఫోనులో ఛార్జింగు ఎంతుందో చూసుకుంది. అంత ఆశ పెట్టుకోవద్దని చెబుదామనుకొని, నేను కూడా అంతే ఆశతో ఉన్నానని గుర్తొచ్చి ఊరుకున్నాను.

కాళేశ్వరం: రేవు

శివరాత్రి అయిపోయినా జనం తగ్గలేదు. ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్న గుడి కాబట్టి దర్శనానికి కూడా ఒకటికి రెండు వరసలు. మేం గుడికి దూరం నుంచే దండం పెట్టుకొని రేవుకు దిగాం. మిగతావాళ్ళు స్నానాలకు ఆగితే, పడవ ఎక్కింది రామచంద్రం సార్, కవిత, నేను.

అంతకు ముందు కవిత వచ్చినప్పుడు దిబ్బకు రమ్మంటే పడవవాళ్ళను బతిమాలుకోవాల్సి వచ్చిందట. ఈసారి అడగకముందే ఒకతను తాడు విప్పాడు. "అద్దాల పోశమ్మ కాడికే గద? ఎక్కుండ్రి. కొబ్బరికాయలు ఈడనే కొనుక్కోండ్రి, ఆడ పిరం" అన్నాడు.

ఏ పోశమ్మ అని అడిగింది కవిత. శివరాత్రి జాగారం చేసి తెల్లవారి స్నానానికి దిగినవాళ్ళకు నది నడుమ ఇసుకలో వెలుగు కనబడిందట. పోయి చూస్తే ఎర్ర బట్టలు, బట్టల నిండా అద్దాలు, నడుమ గుడ్లు. ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. మనిషి పెట్టింది కాదని పెద్దమనుషులు చెప్పారట. పోశమ్మకు కోడిగుడ్డు పెట్టడం మా దిక్కు కొత్త కాదు కాబట్టి ఎవరికీ అనుమానం కూడా రాలేదు. పడవవాడు భక్తిగా చెప్పాడు, శివరాత్రి బేరం ఇంకొన్నాళ్ళు సాగినందుకు అతని సంతోషం కూడా అందులో ఉంది.

రామచంద్రం సార్ బైనాక్యులర్ ఎత్తి, "గుడ్లైతే ఉన్నయి, మస్తున్నయి" అన్నాడు. కవిత కూడా చూసింది. చూసి బైనాక్యులర్ ఒళ్ళో పెట్టుకుంది. అవి మొక్కుకు పెట్టిన తెల్లటి కోడిగుడ్లు. నాకు ఆమె వైపు చూడాలంటే భయం వేసింది.

దిబ్బ మీద పెళ్ళి పందిరి తీసేసిన చోటులా ఉంది. కొబ్బరి చిప్పలు, అగరుబత్తి పుల్లలు, పసుపు నీళ్ళు. కొబ్బరి ముక్కల కోసం కాకులు, కాకుల మధ్యలో రెండు కుక్కలు. ఇవి ఇంతకుముందు ఈ దిబ్బకు వచ్చేవే కావట. వెదురు కట్టెల లోపల ఒక గొడుగు కింద కుంకుమ డబ్బా పెట్టుకొని ఒక పెద్దాయన కూర్చున్నాడు. గుంటలు చాలావరకు ఖాళీ. కాకులు తిన్నాయో కుక్కలు తిన్నాయో, తొక్కిడిలో పోయాయో. ఒక్క గుంటలో ఒకే ఒక నదిపిట్ట గుడ్డు మిగిలి ఉంది. దానికి పసుపు పూసి, పైన కుంకుమ బొట్టు పెట్టి, పక్కన తమలపాకు ఉంచారు. కవిత వంగి వేలితో తాకి చెయ్యి వెనక్కి తీసుకుంది. నేనూ తాకాను. ఎండలో మరిచిపోయిన చెంబులా కాలుతోంది. నీడ పట్టాల్సిన తల్లి మా తలలపైన అరుస్తూ తిరుగుతోంది, ఇంతమంది మధ్యలోకి అది ఎలా దిగుతుంది? మంచికి పోతే చెడు ఎదురైందంటారు. ఇక్కడ ఎదురైంది చెడు కూడా కాదు, భక్తి. ఎవరిని తిట్టాలో తెలియలేదు.

మా పక్కన ఒక ఆడమనిషి తడిబట్టలతో ప్రదక్షిణాలు చేస్తోంది. మహదేవపూర్ వైపు ఊరట, పెళ్ళయి చాలా ఏళ్ళయిందట, పిల్లలు లేరు. భర్త కొబ్బరికాయ పట్టుకొని వెనకే నడుస్తున్నాడు. ఇక్కడ సంతానం కోసం మొక్కుతారా అని అడిగాను, అడిగిన నా గొంతు నాకే కటువుగా వినబడింది. ఆమె నొచ్చుకోలేదు.

"గుడ్డున్న కాడ తల్లి ఉంటది గదక్కా. తల్లికి తెల్వదా మన బాధ" అంది.

కవిత లేచి ఒక కట్టెను రెండు చేతులా పట్టుకొని ఊపింది. గొడుగు కింది పెద్దాయన ఉరికొచ్చి ఆమె చెయ్యి పట్టి లాగాడు. ఏ ఊరు, ఏ తండా, చెప్పులతో లోపలికి ఎట్లా వచ్చినవని అడిగాడు. తండా అనే మాటను ఆయన పలికిన తీరుకు నాకు ఒళ్ళు మండింది. నేను నోరు తెరిచేలోపు రామచంద్రం సార్ నా మోచెయ్యి గిల్లి, గొడవ వద్దు అన్నాడు. అని, చెప్పులు విప్పి గుడ్డుకు దండం కూడా పెట్టాడు. పిట్టల గురించి ఊరూరా ఉపన్యాసాలు ఇచ్చే మనిషి.

కవిత పెద్దాయన వైపు చూడలేదు. ప్రదక్షిణాలు చేస్తున్న ఆమెతో చెప్పింది. "గీ కట్టెలు నేనే నాటినక్కా. గివి మా అమ్మ బట్టలు. పిట్టల కోసం కట్టిన."

ఆమె ఆగిపోయింది. కవిత ముఖంలోకి చాలాసేపు చూసింది. కోపం వస్తుందనుకున్నాను. ఆమె కళ్ళలో నీళ్ళు నిండాయి.

"నీ కలలకొచ్చి చెప్పిందా తల్లీ?"

అంటూనే వంగి కవిత కాళ్ళకు మొక్కింది. భర్త కూడా కొబ్బరికాయ కింద పెట్టి వంగాడు. ఇంకో ఇద్దరు ఇటు రావడం చూసి కవిత వెనక్కి వెనక్కి నడిచి నీళ్ళ అంచుదాకా వచ్చేసింది. పడవ దగ్గర కూలబడి, చీర కొంగుతో ముఖం గట్టిగా తుడుచుకుంది. ఆ ఆడమనిషికి ఇంకేమీ చెప్పలేదు. చెప్పమని నేనూ అనలేకపోయాను. చెబితే ఆమెకు ఏం మిగులుతుంది?

అప్పుడే ఫోను మోగింది. అధికారి. పిల్లలు లేచాయా అని అడిగినట్టున్నాడు. "లేవు సార్. గుడ్లు గూడ లేవు" అంది కవిత. జరిగింది చెబితే, దేవత వెలిసిన చోట కాగితం మీద పిట్టలున్నాయని రాస్తే తన ఉద్యోగమే పోతుందన్నాడట. అందులో ఆయన తప్పు ఏముంది.

పిట్టలు పొదిగే కాలం ఇంకా అయిపోలేదు, చోటు దొరికితే నదిపిట్టలు మళ్ళీ గుడ్లు పెడతాయి. జనం పోయాక ఆ కట్టెలు పీకేద్దామా అని అడిగాను. కవిత జవాబు చెప్పేలోపు అవతలి గట్టు మీది నుంచి రెండు ట్రాక్టర్లు లోతులేని పాయలోకి దిగాయి. ఖాళీ ట్రాలీలు ఎగురుతూ సరాసరి దిబ్బ మీదికి వస్తున్నాయి. అద్దాలు మెరిసేంత దూరంలో ముందు ట్రాక్టర్ ఆగింది. డ్రైవర్ తలకు చుట్టిన తువ్వాలు విప్పి, కిందికి దిగి, ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చొని దండం పెట్టాడు. లేచి వెనకవాడికి చెయ్యి ఊపాడు. రెండూ మెల్లగా వెనక్కి తిరిగి, దిబ్బకు చాలా దూరం నుంచి చుట్టు తిరిగి పోయాయి. ఒక్క చక్రం అచ్చు కూడా ఇటు పడలేదు.

కవిత వాటిని కనుమరుగయ్యేదాకా చూసింది.

"మనం అడిగింది గిదే గదక్కా. ట్రాక్టర్లు రావద్దనే గద" అంది.

పడవ కదిలింది. నదిపిట్ట మా వెంట నది సగం దాకా అరుస్తూ వచ్చి, మళ్ళీ దిబ్బ వైపే తిరిగిపోయింది.